గోడ అవతలి ఇసుర్రాయి

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ అవ్వ పోయిన వారం కన్నుమూసింది. ఆ రోజు నేను బొగ్గుగనిలో ఫస్టు షిఫ్టు దిగి వచ్చేసరికి మా క్వార్టర్ల లైనులో ఏ ఇంటా పొయ్యి వెలగలేదు. ఆమె మాకు చుట్టం కాదు. కానీ మా బిడ్డ ఇవాళ కడుపునిండా తింటోందంటే అందులో ఆమె చేయి ఉంది.

బిడ్డకు గోధుమ పడదని, జన్మలో ముట్టవద్దని డాక్టరు చెప్పిన రోజు నా భార్య గడపలో కూర్చుని ఏడ్చింది. అవ్వ వచ్చి పక్కన కూర్చుంది.

"గింత దానికి ఏడుస్తరానే? మా చిన్నప్పుడు గోధుమరొట్టె మొఖం ఎవరు జూసిండ్రు? జొన్నరొట్టెలు నేను జేసిస్త."

చేసి ఇచ్చింది. పిల్ల ఇష్టంగా తిన్నది. అయినా కడుపునొప్పి తగ్గలేదు, ఒళ్లు రాలేదు. దొంగతనంగా బిస్కెట్లు తింటున్నావా అని తల్లి గద్దిస్తే, "నేను తినలేదమ్మా" అని వెక్కివెక్కి ఏడ్చింది. మళ్లీ దవాఖానకు పోతే, పిండి ఎక్కడ పట్టిస్తారని డాక్టరు అడిగాడు. గిర్నిలో ముందు పట్టిన గోధుమపిండి మన జొన్నల్లో కలుస్తుందట. మాకెవరికీ తట్టని సంగతి.

ఇది విని అవ్వ ముఖం చిన్నబోయింది. "నా చేతితోనే పెట్టిన గదరా" అన్నది. ఆ సాయంత్రమే కొడుకుతో అటక మీది ఇసుర్రాయి దింపించింది. ఇంట్లో పెళ్లి అయితే పసుపు విసరడానికి తప్ప దాన్ని దించేది కాదు. కడిగి, ఆరబెట్టి, ముందు గుప్పెడు బియ్యం విసిరి పారబోసింది. ఆనాటి నుంచి మా బిడ్డ పిండికి గిర్ని ముఖం చూడలేదు. పొద్దున్నే గోడ అవతల రాయి తిరుగుతుంటే ఇవతల మేము లేచేవాళ్లం. పిల్ల మెల్లగా తేరుకుంది.

ఆ ఏడు సద్దుల బతుకమ్మకు అవ్వ ఆడవాళ్లందరికీ చెప్పింది. "ఈసారి మన లైనుల మలీద సజ్జరొట్టెలతోనే. పిండి నేను ఇసిరిస్త."

"గోధుమరొట్టెదైతే మెత్తగుంటది గదా అవ్వా" అన్నది ఒకామె.

"పండ్లు లేని నేనే తింట, నీకేమొచ్చిందే?"

అందరూ నవ్వారు. ఆ రాత్రి రొట్టెలు నలిపి బెల్లం కలిపిన మలీద పంచుతుంటే మా బిడ్డ మిగతా పిల్లలతోపాటే చేయి చాచింది. తినొచ్చా అని తల్లి వైపు చూడలేదు. నాకు ఆ చేయే గుర్తుంది.

అవ్వ పోయిన మూడో రోజు, ఆమె పేరున పిట్టకు ముద్ద పెట్టేనాడు, తెల్లవారుతుండగా గోడ అవతల రాయి తిరిగిన చప్పుడైంది. ఉలిక్కిపడి లేచి వెళ్లాను. మా బిడ్డ సజ్జలు విసురుతోంది. కింద అవ్వ కట్టిన పాత చీర పరిచి ఉంది. రాయి చుట్టూ బూడిద రంగు పిండి మెల్లగా రాలుతోంది.