వేపమానులో పడుకున్న ఎద్దు

మా అత్త నాగలి పట్టిన మనిషి. మామ పోయేనాటికి ఆమెకు ఇద్దరు చిన్న కొడుకులు, కంప్లి దగ్గర ఎమ్మిగనూరులో కాస్త వరిమడి, ఒక జత ఎద్దులు ఉండేవట. ఆడది మడక కడితే ఊరికి అరిష్టమని పెద్దమనుషులు అడ్డం వచ్చినా ఆమె వినలేదు. జతలో పెద్ద ఎద్దు మడి చివర తనంతట తానే ఆగి, మెడ వెనక్కి తిప్పి, ఆమె నాగలి ఎత్తి మళ్లీ నాటేదాకా చూస్తూ నిలబడేదట. ఈ మాట నేను కోడలిగా వచ్చిన కొత్తలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. అప్పటికే అది ముసలిదై, పని మాని, పెరట్లో ఊరికే మేస్తుండేది. అరవైల మొదట్లో ఒక ఎండాకాలం చనిపోయింది. అత్త మూడు రోజులు అన్నం ముట్టలేదు.

ఆ ఏడాదే తొలకరి గాలివానకు బావి గట్టున ఉన్న వేపచెట్టు కూలింది. ఇద్దరు చేతులు చాచినా అందనంత మాను. కట్టెలకు కొట్టిద్దామన్నాడు నా భర్త. అప్పుడు మరిది ఒక సంగతి చెప్పాడు. అతను తారానగర్ వైపు గనుల్లో లారీ నడిపేవాడు.

"అమ్మా, ఆడ గుట్ట మింద చెట్లు కోసే మనిషి ఒకడుండాడు. పెట్రోలు పోసి నడిపే రంపం. దాంతోనే ఒక మొద్దును ఎలుగ్గొడ్డు చేసి పెట్టినాడు. లేచి మిందికి వచ్చేట్ల ఉండాది."

 మర్నాడు పొద్దున్నే అత్త అతని లారీ ఎక్కి కూర్చుంది. తోడుగా నన్నూ ఎక్కించింది.

గని క్యాంపులో ఆ ఎలుగుబంటిని చూసి నేను నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాను. నరికిన చెట్టు మొదలు మీదే అది కూర్చుని ఉంది. నునుపు చేయలేదు. రంపం పళ్లు గీసిన గీతలే దాని బొచ్చు. గాలి వస్తే కదులుతుందేమో అనిపించేట్టు ఉంది.

దాన్ని చేసిన మనిషికి నలభై ఏళ్లుంటాయి. అనంతపురం వైపు వడ్రంగుల ఇంట పుట్టినవాడు. రంపం మోతకు చెవులు దాదాపు పోయాయి.

"మా ఎద్దును చేసిస్తావాప్పా?" అని అత్త అడిగింది.

"గట్టిగా చెప్పమ్మా, వినపడదు. ఏ ఎద్దు? ఫోటో ఉండాదా?"

ఫోటో ఎక్కడిది? అత్త రెండుసార్లు అరిచి చెప్పింది. అతనికి సగమే అందింది. అప్పుడామె చేసిన పని నేను చచ్చేదాకా మరిచిపోను. పరాయి మగవాళ్ల ముందు తలమీద కొంగు జారనివ్వని మనిషి, ఆ ఎర్రమట్టిలో, అంతమంది కూలీలు చూస్తుండగా, ఎద్దై నిలబడింది. మూపురం తన భుజానికి వచ్చేదని అరచేతితో చూపింది. రెండు చేతులూ ఎత్తి కొమ్ముల వంపు చూపింది. ఎడమ కొమ్ము కొంచెం కిందికి. తర్వాత నడుము వంచి, మెల్లగా మెడ వెనక్కి తిప్పి, ఎవరికోసమో ఆగినట్టు చూసింది. నవ్వబోయిన కూలీలు కూడా నోరు మూశారు. ఆ మనిషి రెప్ప వేయకుండా చూసి, తల ఊపాడు.

"అర్థమాయ. వస్తా."

కూలి ఏమివ్వాలంటే ఒక మూట కొత్త బియ్యం చాలన్నాడు. క్యాంపు ఇంజినీరును అడిగి, రెండు రోజులు సెలవూ రంపమూ తీసుకుని వచ్చాడు.

వచ్చి, ముందు మాను చుట్టూ తిరిగాడు. అక్కడక్కడ తట్టాడు. "నిలబడినట్ల చేస్తే కాళ్లు నిలవవమ్మా. మాను నార అడ్డం తెగి విరుగుతాయి. పండుకున్నట్ల చేస్తా," అని బొగ్గుతో నాలుగు గీతలు గీశాడు. తాడు లాగి రంపం నడిపించాడు. ఆ మోతకు కోళ్లు ఇంటి కప్పెక్కాయి. చెరకు తోటల్లో పనిచేసేవాళ్లు కొడవళ్లతోనే పరిగెత్తుకొచ్చారు. వేపపొట్టు పిండిలా లేచి అందరి మీదా పడింది. ఆ రోజు ఏం తిన్నా నోరంతా చేదే.

మధ్యాహ్నం దాకా అది మొద్దే. ఊరివాళ్లు చూసి చూసి విసిగి, కొందరు వెళ్లిపోయారు. అప్పుడు అతను ఏటవాలుగా ఒక్క కోత కోశాడు. పెద్ద చెక్క ఊడి కింద పడింది. ఆ చెక్క పోయిన చోట మూపురం ఉంది. జనంలోంచి ఒక్క శ్వాస వినిపించింది, అందరిదీ కలిపి.  అది చెట్టులో ముందునుంచీ పడుకుని ఉంటే, అతను మీది బట్ట లాగేసినట్టు అనిపించింది.

రెండో రోజు సాయంత్రానికి మెడ తిరిగింది, ఎడమ కొమ్ము వాలింది. చెవులూ కళ్లూ ఉలితో తీర్చి, అతను పక్కకు జరిగాడు. అత్త దగ్గరికి వెళ్లి మెడ మీద చెయ్యి వేసింది. ఒకచోట ఆ చెయ్యి ఆగిపోయింది.

"కాడి మోసి మోసి ఈడ కాయ కాసిండేది. నేను చెప్పనే లేదు. నీకెట్ల తెలిసెనప్పా?"

అతను వంగి చూశాడు. అక్కడ వేపమానులో గుండ్రటి ముడి ఒకటి ఉబ్బి ఉంది.

"నేను చెక్కలేదమ్మా. అది చెట్టుదే," అన్నాడు. 

ఈలోగా ఇరుగుపొరుగు ఆడవాళ్లు పసుపునీళ్ల చెంబులు, టెంకాయలు పట్టుకుని వచ్చేశారు. "బసవన్నకు అభిషేకం చేస్తాము," అన్నారు. అతను చేతులడ్డం పెట్టి పెద్దగా అరిచాడు. "నీళ్లు పోయొద్దండి! పచ్చి మాను. నీళ్లు తాగితే కుళ్లుతాది."

అత్త ఎద్దు ముందుకొచ్చి నిలబడింది. "ఇది బసవన్న కాదు. మా ఎద్దు. దేవున్ని చేస్తే నేను దీన్ని ముట్టుకునేకి అవ్వదు," అంది. వాళ్లు చెంబులతోనే తిరిగి వెళ్లారు.

వెళ్లేముందు అతను నాకు జాగ్రత్తలు చెప్పాడు. ఎండ పడని వసారాలో రాళ్ల మీద ఎత్తి పెట్టాలి. మొదటి ఏడాది గోనెపట్టాలు కప్పాలి, తొందరగా ఆరనివ్వకూడదు. తర్వాత కానుగ నూనె పట్టిస్తూ ఉండాలి. అడుగున చెదలు మట్టిగీత కనబడితే అదే రోజు తుడిచెయ్యాలి.

అన్నీ చేశాం. అయినా మరుసటి ఎండాకాలం ఒక పొద్దున 'టప్' మని చప్పుడైంది. వీపు నుంచి పొట్టదాకా పగులు. అందులో నా రెండు వేళ్లు దూరాయి. అత్త "మళ్లీ పోయెనే," అని గోడకు ఆనుకుని కూర్చుండిపోయింది. ఊళ్లో ఎవరికి తోచిన మాట వాళ్లన్నారు. పగులులో సిమెంటు పూద్దామన్నాడు నా భర్త. ఒక్క రోజు ఆగమని, నేను ఒక్కదాన్నే లారీలో తారానగర్ వెళ్లాను.

ఆ మనిషి నా మాట పూర్తిగా విననే లేదు. పగులు ఎంతుందో చూపిన నా రెండు వేళ్లు చూసి గ్రహించాడు.

"సిమెంటు పుయ్యొద్దమ్మా, చీలిపోతాది. లోపల ఇంకా పచ్చి ఉండాది. అది ఊపిరి తీస్తాండాది. వానలు రానీ, మూసుకుంటాది. మళ్లీ ఎండల్లో తెరుచుకుంటాది. పోను పోను తగ్గుతాది."

ఇంటికొచ్చి అదే చెప్పాను. అత్త నమ్మిందో లేదో తెలియలేదు. కానీ రోజూ పగులులో వేలు పెట్టి చూసేది. వానలు పట్టిన నెలకు ఒక వేలే దూరింది. నాట్లు అయ్యేసరికి వేపాకు కూడా దూరలేదు. అత్త నన్ను వంటింట్లోంచి చెయ్యి పట్టుకుని లాక్కొచ్చి చూపించింది. "చూడే! నిజంగానే ఊపిరి తీస్తాండాది!" ఆమె అంతగా నవ్వగా నేను చూడటం అదే మొదటిసారి.

తర్వాత కొన్నేళ్లకు అత్త చేతులు కీళ్లనొప్పులతో పట్టు తప్పాయి. నూనె పట్టే పని నాకు అప్పజెప్పింది. అంతవరకూ ఆ ఎద్దును ఆమె తప్ప ఎవరూ తుడిచేవాళ్లు కాదు. ఆ రోజు గోడవైపు ఒరిగి, కనపడని చోట్లకు చేత్తోనే నూనె రాస్తున్నాను. గంగడోలు కింద నా వేళ్లకు మడతలు తగిలాయి. దీపం తెచ్చి చూశాను. మెడ తిప్పినప్పుడు చర్మం ముడతపడ్డట్టు, సన్నటి గీతలు ఒకదాని కింద ఒకటి చెవి వెనకదాకా పోయాయి. గోడవైపు కన్ను కింద కూడా ముసలి ఎద్దుకుండే ముడతలు ఉన్నాయి. వసారాలో ఎక్కడ నిలబడినా అవి కనపడవు. అంత మోత చేసే యంత్రం మొనతో, ఎవరూ చూడరని తెలిసిన చోట, అతను వాటిని గీశాడు.

అత్తను పిలిచాను. ఆమె వంగలేకపోతే చెయ్యి పట్టుకుని అక్కడ పెట్టాను. చాలాసేపు ఆ చెయ్యి తీయలేదు. చివరికి, "నాకు ఎప్పుడో తెలుసు లేవే," అంది. "నువ్వు ఎప్పుడు కనుక్కుంటావో చూద్దామని చెప్పలేదు."