మంచం మీద కూర్చోనన్న గాజులాయన

సైకిల్ వెనక గాజుల పెట్టె కట్టుకొని లంబాడీ తండాలు తిరిగిన ఆ రోజులే రోజులని నిజాముద్దీన్ ఇప్పటికీ అంటాడు. కొడకండ్ల చుట్టుపక్కల తండాల్లో ఆయన్ను చూసి కుక్కలు కూడా మొరిగేవి కావు. ఒక తండాలో సోమ్లీ అనే ఆమె అయితే ముందు మంచం వాల్చేది, తర్వాత మంచినీళ్లు, ఆ తర్వాతే గాజుల మాట. ఆ మంచం మీద కూర్చొని ఒక్కొక్క గాజూ ఎక్కిస్తుంటే లోకంలోని కబుర్లన్నీ అక్కడే దొర్లేవి. ఎంత మంచి కాలం!

అంతలో మలద్వారం పక్కన ఒక సెగగడ్డ లేచింది, పగిలింది, మానింది. హమ్మయ్య అనుకునేలోపు అక్కడే మళ్లీ లేచింది. మొలలని తనకు తానే తీర్పు చెప్పుకొని, దొరికిన మందల్లా మింగాడు. చీము మాత్రం ఆగలేదు. కూర్చుంటే ప్రాణం పోయేది. లుంగీకి మరకంటుతుందన్న భయం వేరే. సైకిల్ నడిపించుకుంటూ పోయి, గడపలో నిలబడే గాజులు తొడిగేవాడు.

తండాలో మంచం వాల్చినా కూర్చోకపోతే ఇంటివాళ్లను చిన్నచూపు చూసినట్టే.

"ఏందన్నా, మా మంచం నీకు గలీజైందా?" అంది సోమ్లీ ఒకనాడు, చెయ్యి వెనక్కి లాక్కొని.

చెల్లెలి లాంటి మనిషి. ఏమని చెబుతాడు? తల దించుకొని వచ్చేశాడు. ఆ తండా వైపు మళ్లీ పోలేదు. నొప్పి కంటే అదే ఆయన్ను ఎక్కువ బాధించింది.

చివరికి భార్య హాజిరా బీ పోరు పడలేక జనగామలో ఒక సర్జన్‌కు చూపించుకున్నాడు.

"గిది మొలలు కాదు, ఫిస్టులా. లోపలి గ్రంథి చీము పట్టి, చర్మం దాకా సొరంగం చేసుకుంది. బయటి నోరు మానినా లోపలి నోరు తెరిచే ఉంటది. మందులతోని పోదు" అన్నాడు డాక్టర్.

స్కాన్‌లో దారి చూసుకొని, మత్తిచ్చి, మలాన్ని ఆపే కండరం దెబ్బతినకుండా ఆ సొరంగాన్ని కోసి తెరిచాడు. పుండు అడుగు నుంచి మెల్లగా పూడుకుంటూ వచ్చింది. గోరువెచ్చని నీళ్ల టబ్బులో కూర్చోగా కూర్చోగా నిజాముద్దీన్ మళ్లీ మనిషయ్యాడు.

నడవగలిగిన రోజే సోమ్లీ ఇంటికి పోయాడు. ఎవరూ పిలవకుండానే మంచం మీద కూర్చొని, నేల చూపులు చూస్తూ జరిగిందంతా చెప్పేశాడు.

సోమ్లీ నవ్వలేదు. వాకిట్లోకి చూసింది. అక్కడ ఆమె మొగుడు ధర్మా పళ్లెం చేత్తో పట్టుకొని, నిలబడే అన్నం తింటున్నాడు.

"కూసోమంటే మోకాళ్ల నొప్పులంటడు అన్నా" అంది ఆమె గొంతు తగ్గించి. "ఆ దవాఖాన యాడుంది?"