గడప దగ్గర చెప్పిన పేరు

2022 ఎండాకాలం. కర్నూలులో ఒక నర్సింగ్ హోమ్ మేడమీద నాదొక చిన్న గది. కిటికీలోంచి చూస్తే తుంగభద్ర ఇసుక తెల్లగా మెరిసేది, మధ్యలో సన్నగా నీళ్ళు. మధ్యాహ్నాలు ఫ్యాను చప్పుడూ నా కూనిరాగమూ కలిసిపోయి గదంతా సగం నిద్రలో ఉన్నట్టుండేది. నేను స్పీచ్ థెరపిస్టును. మాట పోయినవాళ్ళకు మళ్ళీ మాట అలవాటు చేయడం నా పని. అందులో సగం పాట, సగం ఓపిక. ఓపిక నాకు పుట్టుకతో రాలేదు, ఉద్యోగంతో వచ్చింది.

ఆ వేసవిలో వచ్చిన పేషెంటును పెద్దాయన అనే అంటాను. మా జిల్లాలో ఆయన గొంతు తెలియనివాళ్ళు తక్కువ. ఊళ్ళకూ వీధులకూ ఉన్న ఉర్దూ పేర్లు దేశం ఒంటిమీద మచ్చలని, అవన్నీ తీసేసి మన పేర్లు పెడితే తప్ప ఇది మన దేశం కాదని ఆయన వాదం. పేరు మారితే మనిషి మారతాడని గట్టిగా నమ్మేవాడు. ఆయన కాళ్ళకు మొక్కేవాళ్ళున్నారు, ఆయన మీటింగంటే షట్టర్లు దించుకునేవాళ్ళూ ఉన్నారు. ఒకసారి మా వీధి చివర మైకులో మార్చాల్సిన పేర్ల జాబితా చదువుతుంటే, మిద్దెమీద బట్టలు ఆరేస్తూ మా అమ్మా నేనూ విన్నాం. అందులో మా వీధి పేరుంది. మా తాత ముత్తాతలు పుట్టిన వీధి అది. అమ్మ పిండిన చీరనే మళ్ళీ పిండింది. నాకు మాత్రం ఒళ్ళు మండింది.

ఆ మనిషి పక్షవాతంతో కుడిచెయ్యి పడిపోయి, మాట పోయి, నా గదికే వచ్చాడు. వెంట భార్య, కొడుకు. తలుపు మీద ‘నూర్జహాన్’ అన్న పలక చూసి కొడుకు ఆగాడు. ఆమె ఆగలేదు. భర్తను భుజం పట్టుకుని లోపలికి నడిపించుకొచ్చింది.

ఈ జబ్బును అఫేసియా అంటారు. నాలుక బాగానే ఉంటుంది, తెలివీ ఉంటుంది, అనుకున్న మాటే నోటికి అందదు. అయితే వేలసార్లు పలికిన మాట ఒక్కోసారి చెక్కుచెదరకుండా మిగిలిపోతుంది. దాన్ని ఆటోమేటిక్ స్పీచ్ అంటాం. కొందరికి అంకెలు మిగులుతాయి, కొందరికి తిట్లు. పెద్దాయనకు ఆయన నినాదం మిగిలింది.

చెంచా బొమ్మ చూపించి ఇదేమిటని అడిగాను.

“మన నేల, మన పేరు!” అన్నాడు, గది ఖంగుమనేలా. మరుక్షణం ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చెప్పాలనుకున్నది అది కాదని ఆయనకు తెలుసు.

కొడుక్కు మాత్రం సంబరం. “సూసినారా మేడమ్, మా నాయన ఏం మర్సిపోలే. వచ్చే నెల బేతంచెర్లలో మీటింగుండాది. ఇంకో నాలుగు మాటలు నేర్పీండి, సాలు.”

“మీటింగు సంగతి ఆనక నాయనా,” అని ఆమె నావైపు తిరిగింది. “పోయిన వారం బాత్రూములో జారి పడినాడు పాపా. కేక పెట్టినాడు. నోట్లో ఉండేది ఆ ఒక్క మాటే గదా. వరండాలో కూచున్న కార్యకర్తలు అది ఇని, వాళ్ళూ ‘మన నేల, మన పేరు’ అని అరిసినారు. ఆయన మూడుసార్లు అరిసె, వాళ్ళు మూడుసార్లు అరిసిరి. నేను పెరట్లో ఉంటి. వచ్చి సూస్తే తల పగిలి రక్తంలో ఉండాడు.”

కొడుకు తలొంచుకున్నాడు.

“నన్ను పిలిచేదానికి ఒక్క మాట నేర్పియ్యి పాపా. ఇంకేమొద్దు నాకు,” అందామె.

“ఇంతకుముందు మిమ్మల్ని ఏమని పిలిచేవారు?” అని అడిగాను.

ఆమె కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది. “పెండ్లాన్ని పేరు పెట్టి పిలుస్తారా యాడన్నా? దగ్గేవాడు. దగ్గితే పోతాంటి.”

ఫైలులో ఆమె పేరు భారతి. ఆ పేరుతోనే మొదలుపెట్టాం. మాట పోయినా చాలామందికి రాగం మిగులుతుంది, ఆ రాగం మీద ఎక్కించి మాటను బయటికి తెస్తాం. మెలోడిక్ ఇంటొనేషన్ థెరపీ అని దాని పేరు. పేషెంటు ఎడమచేత్తో తాళం వేస్తాడు, మేం కూనిరాగం తీస్తాం. పెద్దాయనకు మిగిలిన రాగం నినాదానిదే. ఆ జాబితాలో ఉన్న వీధిలో పుట్టిన నేనే మూడు వారాలు ఆ వరస పాడాను. ఇంట్లో కూర తాలింపు పెడుతూ కూడా అదే వరస నోట్లో ఆడుతుంటే, అమ్మ గరిటె చూపించి “నీకేమొచ్చిందే?” అంది. భారతి మాత్రం రాలేదు. ఆయన పెదవులు కలిసేవి, విడేవి, చివరికి నినాదమే దూకేది.

ఒక మధ్యాహ్నం కొడుకు రాలేదు. నది మీదుగా వేడిగాలి వస్తోంది. నేను మళ్ళీ తాళం మొదలుపెట్టబోతే ఆమె నా చెయ్యి పట్టుకుంది.

“రాదులే పాపా. ఆ పేరు నాది కాదు.”

ఆమె పుట్టకముందు ఇద్దరు బిడ్డలు పోతే, వాళ్ళమ్మ కడప దర్గాలో మొక్కుకుందట. ఆ మొక్కుతో పుట్టిన బిడ్డకు పీరు పేరు మీద దస్తగిరమ్మ అని పెట్టుకున్నారు. మా సీమలో ఎన్నో హిందువుల ఇళ్ళలో ఇలాంటి పేర్లుంటాయి, ఎవరూ వింతగా చూడరు. ఆయన రాజకీయాల్లోకి వచ్చాక ఇంటినుంచే మొదలుపెట్టాలని భార్య పేరు కార్డుల్లో భారతిగా మార్పించాడు.

“దస్తగిరమ్మ అని ఆయన ఎప్పుడైనా పలికారా?”

“ఒక్కసారి. పెండ్లయినంక, గడప కాడ.”

కొత్త జంట ఇంట్లో అడుగుపెట్టేటప్పుడు ఆడబిడ్డలు గడపకు చెయ్యడ్డం పెట్టి ఒకరి పేరు ఒకరితో చెప్పిస్తారు. చెబితేగాని దారి వదలరు. ఆయనా సిగ్గుతో చచ్చి, చుట్టూ నవ్వుల మధ్య చెప్పాడట.

నేను లేచి తలుపు తీశాను. ఇద్దరినీ బయట వరండాలో పక్కపక్కన నిలబెట్టాను. లోపలికొచ్చి గడపకు చెయ్యడ్డం పెట్టి, “అన్నా, ఎవరితో వచ్చినావో పేరు చెప్పు. చెప్తేనే దోవ ఇడుస్తా,” అన్నాను.

పెద్దాయన నన్ను చూశాడు. నా చెయ్యి చూశాడు. పక్కన అరవయ్యేళ్ళ ఆమె కొంగు తలమీదికి లాక్కుని నేల చూస్తోంది. ఆయన ముఖంలో బాగున్న సగం నెమ్మదిగా నవ్వింది. ఎడమచెయ్యి ద్వారబంధం మీద తాళం వేసింది.

“ద... దస్త... దస్తగిరమ్మతో వచ్చినా.”

ఆమె గోడకానుకుని ఏడ్చింది. నేనూ ఏడ్చాను, దాచడం దేనికి.

మర్నాడు కొడుకు వచ్చి గొంతు తగ్గించి అన్నాడు: “ఆ పేరు వద్దు మేడమ్. జనం ఇంటే ఏమనుకుంటారు? భారతి అనే నేర్పీండి.”

“నోటికి వచ్చిన మాటను తీసేసే వైద్యం నాకు రాదు,” అన్నాను, కాస్త కటువుగానే. కుర్చీలోంచి వింటున్న పెద్దాయన దాని చెయ్యి మీద గట్టిగా కొట్టి, “దస్తగిరమ్మా!” అని కేకేశాడు. కారిడార్లో నీళ్ళు పట్టుకుంటున్న ఆమె సీసా మూత కూడా పెట్టకుండా పరుగెత్తుకొచ్చింది.

ఆయన అభిప్రాయాలు మారాయా అని అడుగుతారు. నాకు తెలిసి లేదు. బేతంచెర్ల మీటింగులో కుర్చీలో కూర్చునే నినాదం ఇచ్చాడట. మా వీధి ఇంకా జాబితాలోనే ఉంది, నా కోపమూ ఉంది. ఆ కేసు తర్వాత నా ఫారంలో ‘పేరు’ కింద ఇంకో గీత గీశాను. ఇంట్లో మొదట పిలిచిన పేరేమిటో అక్కడ రాసుకుంటాను. మనిషిని పలికించాలంటే అదే ముందు కావాలని ఆ గడప దగ్గర తెలుసుకున్నాను.

మొన్న ఆమె ఫోన్ చేసింది. మామిడికాయ పచ్చడి పంపిస్తానని చెబుతుండగా వెనకనుంచి పెద్దాయన కేక వినిపించింది, ఆ పేరుతోనే. “ఉండు పాపా, పిలుస్తాండాడు,” అని ఫోన్ ఆపకుండానే వెళ్ళిపోయింది. నేను చెవి దగ్గర పెట్టుకుని వింటూ కూర్చున్నాను. ఆయన రెండోసారి పిలవాల్సిన పని లేకపోయింది.