సరుగుడు తోటల ఊళ్ళో నా చేతి పప్పు

తెల్లవారి ఆరింటికి జగ్గయ్యపేటలో బొగ్గుతో నడిచే బస్సెక్కా. "పార్వతిని తీసుకురాకుండా గడప తొక్కకు" అని మా అమ్మ ఆన. పార్వతి నా చెల్లెలు. పెళ్ళైన ఏడాదికే భర్త పోయి మా ఇంటికొచ్చేసింది. మొన్న ఉగాది వెళ్ళాక, పాటలు నేర్పే పని దొరికిందని చీరాల దగ్గర ఏదో సముద్రపు పల్లెకి పోయింది. బొమ్మలేసేవాళ్ళూ నాటకాలాడేవాళ్ళూ కాపురం పెట్టిన ఊరట! నాకు ఒళ్ళు మండిపోయింది.

నైజాం నుంచి పారిపోయి వచ్చిన జనంతో బస్సు కిటకిట. నందిగామలో దిగి కాఫీ తాగొచ్చు, తాగండి. బెజవాడ దాకా మళ్ళీ ఏమీ దొరకదు. మధ్యాహ్నం మద్రాసు పాసింజరెక్కి చీరాలలో దిగా. అక్కణ్ణించి ఒంటెద్దు బండి. అది ఇసుకలో దిగబడితే మనమే దిగి తొయ్యాలి, చెప్పులు చేత పట్టుకుని.

ఊళ్ళోకెళ్ళి చూద్దునా, ఆడామగా ఒకే వసారాలో కూచుని పేర్లు పెట్టి పిలుచుకుంటున్నారు. అండీ లేదు, గిండీ లేదు! ఒకావిడ చీర బిగించి కట్టి అలల్లో ఈదుతోంది. గడ్డం పెంచిన బొమ్మలాయన ఎదురొచ్చి నా చేతిలో గరిటె పెట్టాడు.

"కొత్తగా వచ్చినవాళ్ళే మొదటి పూట అందరికీ వండాలోయ్. ఇక్కడి పద్ధతి."

"ఏమిటయ్యా నీ పొగరు! చెల్లెల్ని తీసుకెళ్ళడానికొచ్చా, నీకు వండి వార్చడానికి కాదు."

"వండు అన్నయ్యా, తరవాత మాట్లాడదాం" అంది పార్వతి వసారాలోంచి నవ్వుతూ.

బుద్ధెరిగాక పొయ్యి మొహం చూడలేదు నేను. మాది మిరపకాయల కొట్టు. ఆ అలవాటుకొద్దీ దోసిలి నిండా తీసి పప్పులో వేసేశా. పంక్తంతా హా హా అంటూ నీళ్ళ చెంబుల మీద పడింది. బాగా అయింది అనుకున్నా.

పార్వతి మాత్రం కళ్ళు తుడుచుకుంటూనే ఆకు ముందుకు జరిపింది.

"అన్నయ్యా, ఇంకొంచెం పెట్టు. ఆకలేస్తోంది."

మా ఇంట్లో దానికి ఒంటిపూట భోజనం, అదీ అందరూ లేచాక. అది మారడగడం నేనెప్పుడూ వినలేదు. ఇంకో గరిటె వేశా. మళ్ళీ వేశా. ఇంటికి పోదాం పద అన్న మాట ఎంతకీ నోటికి రాలేదు.

మర్నాడు ఒక్కణ్ణే బయల్దేరా. అమ్మకేం చెప్పాలో తెలీక దారి పొడుగునా ఒకటే చిరాకు. నందిగామ దాటాక బస్సులో పక్కనున్న పెద్దమనిషి ఎక్కణ్ణించి రాకని అడిగాడు. చెప్పా.

"ఛీ ఛీ! పరువుగల ఆడది ఉంటుందటండీ అక్కడ?"

"నోరు ముయ్యవయ్యా! మా చెల్లెలుంటుంది" అని అరిచా. బస్సంతా నావైపు తిరిగింది. "రెండు పూటలా తింటుంది!"