బాయిలర్ కింది పసుపు పిడి

నా మనవరాలు పుట్టిన పంతొమ్మిదో రోజున అందరం పిల్లల డాక్టరు దగ్గరికి వెళ్లి వచ్చేసరికి జర్మనీలోని జిండెల్ఫింగెన్‌లో మా అమ్మాయి ఇల్లు చల్లబడి ఉంది. స్నానాల గది గోడకు ఉన్న గ్యాస్ బాయిలర్ వెలగడం లేదు. కుళాయిలో వేడినీళ్లూ, గదుల్లో వెచ్చదనమూ రెండూ ఆ డబ్బా దయే. వంట మాత్రం కరెంటు పొయ్యి మీద. బయట ఫిబ్రవరి.

నన్ను ఆ దేశానికి రప్పించుకున్నదే పసిదానికి నీళ్లు పోయడానికి. చాపిన కాళ్ల మీద పడుకోబెట్టి, నూనె మర్దన చేసి, చెయ్యి కాలీ కాలని నీళ్లు పోస్తే పిల్ల నాలుగు గంటలు పడుకుంటుంది, తల్లి మూడు గంటలు. పోయకపోతే ఇద్దరూ ఏడుస్తారు. పైగా ఎల్లుండి ఇరవై ఒకటో రోజు. తొట్టెల వేయాలి. స్నానం లేకుండా పిల్లను తొట్టెలో వేయడం మా ఇంట్లో లేదు.

"కెటిల్ల కాచుకుందాం అత్తమ్మా" అన్నాడు అల్లుడు.

"కాచుదాం. గీ చలిల ముందు నువ్వు అంగీ విప్పి నిలబడు. నువ్వు వణకకపోతే పిల్లకు పోస్త."

ఆయన స్వెటరు మీద జాకెట్టు వేసుకుని లాప్‌టాప్ తెరిచాడు.

డబ్బా టక్ టక్ టక్‌మని మూడుసార్లు ప్రయత్నించి, ఎర్ర దీపం వెలిగించి, ఒక అక్షరమూ రెండు అంకెలూ చూపించి ఆగిపోతోంది. సాయంత్రానికి అల్లుడి స్నేహితుడు వచ్చాడు. ఇద్దరికీ ఉద్యోగం కార్ల కంపెనీలోనే. ఎన్నేళ్లుగా చేస్తున్నా వాళ్ల చేతికి ఒక్క నట్టు తగిలినట్టు నేను వినలేదు. కార్లను మాటలతో చేస్తారు కాబోలు.

"రీసెట్ కొట్టినవా?" అన్నాడు స్నేహితుడు.

"ఐదుసార్లు కొట్టిన."

"ఇంకోసారి కొట్టు."

కొట్టాడు. టక్ టక్ టక్. ఎర్ర దీపం. ఇద్దరూ దానికి దండం పెట్టేవాళ్లలా నిలబడ్డారు. తర్వాత ముల్లు చూశారు. ప్రెషర్ తక్కువన్నారు, పైపు తగిలించి నీళ్లు ఎక్కించారు. గాలి చేరిందన్నారు, రేడియేటర్ల మర తిప్పి నల్లనీళ్లు మా అమ్మాయి తెల్ల తువ్వాలు మీద పోశారు. ముల్లు పైకి లేచింది, డబ్బా మాత్రం వెలగలేదు.

"గ్యాస్ వాసన వస్తలేదు అత్తమ్మా. అంటే లీకేజీ లేదు, సేఫే" అని అల్లుడు నాకు ధైర్యం చెప్పాడు.

"వేడి లేదు, వాసన లేదు. మీ చదువు లెక్కనే ఉన్నది" అన్నాను.

"అమ్మా, ఇగ ఆపు" అంది అమ్మాయి. పిల్ల మెడ మడతల్లో పాల వాసన పులిసింది. దాని తల్లి కళ్ల కింద నలుపు దిగింది. మర్నాడు ఇంటి యజమానురాలికి ఫోన్ చేస్తే మెకానిక్ టెర్మిన్, అదే అపాయింట్‌మెంట్, వచ్చే గురువారం దొరికింది. అంటే తొట్టెల తర్వాత ఐదు రోజులకు.

"మూడు గంటలు పడుకుంటే చాలమ్మా, ఇంకేం అడగ" అని అమ్మాయి ఏడ్చింది.

ఆ మాటకు నేను లేచి బాయిలర్ పుస్తకం అడిగాను. అల్లుడు నవ్వాడు. "జర్మన్ల ఉంటది అత్తమ్మా. ఎర్రర్ కోడ్‌లు నలభయ్యో పేజీల ఉన్నయి, నేను చూసిన."

నేను అక్షరాలు దిద్దింది యాభై రెండేళ్లకు. అలా నేర్చుకున్నవాళ్లకు పేజీలు దాటడం చేతకాదు, మొదటి వరస నుంచి కూడబలుక్కోవలసిందే. దుకాణంలో డబ్బాల మీద ఏముందో చదవడానికి అమ్మాయి నా ఫోనులో ఒకటి పెట్టింది. కెమెరా చూపిస్తే జర్మన్ తెలుగవుతుంది. పుస్తకం మొదటి పేజీ మీద పెట్టాను. తెలుగు వంకరగా వచ్చినా అర్థమైంది. పరికరం వెలగకపోతే ముందు గ్యాస్ కుళాయి తెరిచి ఉందో లేదో చూడాలట. పక్కన బొమ్మ. పిడి పైపు వెంబడి ఉంటే తెరిచినట్టు, పైపుకు అడ్డంగా ఉంటే మూసినట్టు.

ఆ బొమ్మలోని పిడిని నేనెరుగుదును.

డాక్టరు దగ్గరికి వెళ్లిన రోజు ఇంటి నుంచి ఆఖరున బయటపడింది నేను. మా ఇంట్లో ముప్పై ఏళ్లుగా సిలిండర్ రెగ్యులేటర్ కట్టేయకుండా నేను గడప దాటలేదు. నేను వచ్చాక ఇంట్లో ఎవరూ లేకుండా అందరం వెళ్లడం అదే మొదటిసారి. ఇక్కడ సిలిండర్ లేదు కానీ డబ్బా కింద పసుపు పిడి ఉంది. మెలితిప్పి పెట్టాను. తిరిగి వచ్చాక తిప్పాలన్న సంగతి, పిల్లను ఎత్తుకోగానే మరిచాను.

ఎవరూ చూడకుండా తిప్పేసి, ఏమీ ఎరగనట్టు కూర్చోవచ్చు. స్నానాల గదిలోకి వెళ్లి పిడి మీద చెయ్యి కూడా వేశాను. కానీ రెండు రోజులు అల్లుణ్ణి అన్ని మాటలన్న నోరు ఇప్పుడు మూసుకోవడానికి ఒప్పుకోలేదు.

"అల్లుడా, ఇటు రా. గ్యాస్ బంద్ చేసింది నేనే."

ఆయన పిడి వంక చూశాడు, నా వంక చూశాడు. "రెండు రోజులు నన్ను తిట్టినవు గదా అత్తమ్మా!"

"మొదటి పేజీ చదవనందుకు తిట్టిన. అది వాపస్ తీసుకోను. ఇగ రీసెట్ కొట్టు."

రెండుసార్లు మొండికేసి, మూడోసారి డబ్బా భగ్గున అంటుకుంది. మెకానిక్‌ను రావద్దని చెప్పడానికి ఫోన్లో ఏం కారణం చెప్పాలో అల్లుడికి తోచలేదు. ఉన్నమాట చెప్పమన్నాను. చెప్పలేదు. దానంతటదే బాగైందన్నాడు.

మర్నాడు పిల్లకు తనివితీరా నీళ్లు పోశాను. తొట్టెలకు వచ్చిన ఆడవాళ్లు పాట పాడుతుంటే అది నిద్రపోయింది, దాని తల్లి సోఫాలో కూర్చున్నది కూర్చున్నట్టే నిద్రపోయింది. ఎవరినీ లేపనివ్వలేదు.

అప్పటి నుంచి అందరం బయటికి వెళ్లాలంటే అల్లుడు నన్ను ముందు చెప్పులు వేసుకోమంటాడు. నేను మెట్లు దిగాక ఒకసారి స్నానాల గదిలోకి వెళ్లి చూసి, ఆ తర్వాతే తాళం వేస్తాడు.