పెద్దమ్మ గోడ మీది సోలార్ స్విచ్

కోకాపేటలో ఆఫీసు మీటింగులో ఉండగా కాలనీ వాట్సాప్ గ్రూపులో వార్త వచ్చింది. మా పక్కింటి పెద్దమ్మ తెల్లారేసరికి నిద్రలోనే పోయింది. ఆ వార్త కింద ఎవరో అలవాటు కొద్దీ బొటనవేలు గుర్తు పెట్టి, నాలుక కరుచుకుని తీసేశారు. పెద్దమ్మ చూసుంటే ఆ సంగతి వాకిలి వాకిలికీ చెప్పి నవ్వేది. ఆమె గురించి మీతో నాలుగు మాటలు చెప్పుకోవాలనిపించింది.

ఆమెది గోపన్‌పల్లే. చుట్టూ అపార్టుమెంట్లు లేచినా తన ఇల్లు అమ్మలేదు. కర్నూలు నుంచి వచ్చి పక్కింట్లో కిరాయికి దిగిన మాకు, మేం అడక్కుండానే, నీళ్లు ఎప్పుడొస్తాయో, వీధిలో ఎవరితో మాట్లాడితే పొద్దు తెలియదో చెప్పింది. రెండో జాబితాలో ముందున్నది ఆమే.

కొడుకు పోరు పడలేక మిద్దె మీద సోలార్ పలకలు పెట్టించుకుంది. పేచీ పలకలతో రాలేదు, స్విచ్‌తో వచ్చింది. మిద్దె మీది కరెంటు వీధి లైన్లోకి పోకుండా తెంపే స్విచ్ అది. వీధి గోడకున్న మీటరు పక్కన పెడదామంటే ఆ గోడంతా ఆమె మల్లెతీగ. తీగ జోలికి రావద్దని, స్విచ్‌ను వంటింటి వెనక గోడకు బిగింపించింది.

తనిఖీకి కరెంటాఫీసు నుంచి ఇంజనీరమ్మ వచ్చింది, గోదావరి వైపు అమ్మాయి. స్విచ్ మీటరు దగ్గరే ఉండాలని, గేటు తీయమని ఎవరినీ అడగకుండా వీధిలోంచే చేతికి అందాలని, ముందు ఏదీ అడ్డం ఉండకూడదని చెప్పింది. పెద్దమ్మ బేరానికి దిగింది. లైన్‌మన్ వస్తే గంట కొట్టొచ్చు కదా, వంటింటి దాకా వస్తే చాయ్ కూడా తాగి పోవచ్చు కదా అంది.

"మీరు ఇంట్లో లేకపోతేనండి?"

"నేనేడికి పోత బిడ్డా?"

నా తెలివి చూపిద్దామని నేనూ మధ్యలో దూరాను. లైన్లో కరెంటు పోతే పలకల కరెంటును పంపే ఇన్వర్టర్ దానంతటదే ఆగిపోతుంది కదా, ఇంకా స్విచ్ ఎందుకని అడిగాను.

"ఆగాలండి. కానీ ఆగిందో లేదో స్తంభం మీదున్న మనిషి తీగ పట్టుకుని చూడలేడు కదండీ."

పెద్దమ్మ ముఖం మారింది. లైన్‌మన్ తన చేత్తో స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసుకుని పైకెక్కుతాడని ఇంజనీరమ్మ వివరిస్తుండగానే లోపలికి వెళ్లి కత్తెర తెచ్చింది. ముందు మొగ్గలు ఏరుకుంది, తర్వాత తీగ కోసింది. మొగ్గలు ఇంజనీరమ్మ జడలోకి వెళ్లాయి. ఆ లైన్‌మన్ ఎవరో, ఎలా ఉంటాడో అప్పటికి పెద్దమ్మకు తెలియదు.

స్విచ్ వీధి గోడకు వచ్చింది. పక్కనే పుర్రె బొమ్మతో హెచ్చరిక బోర్డు. గుమ్మం దగ్గర పుర్రె అశుభమని పెద్దమ్మ దాని నొసట కుంకుమ బొట్టు పెట్టింది. మళ్లీ తనిఖీకి వచ్చిన ఇంజనీరమ్మ చాలాసేపు ఆలోచించి, అక్షరాలు కనిపిస్తున్నాయి కాబట్టి అభ్యంతరం లేదంది.

ఇక ఆ గోడ ముందు ఎవరూ బండి ఆపడానికి లేదు.

"గా జాగ కరెంటాయన వచ్చే తొవ్వ. బండి జర అవతల పెట్టు బిడ్డా" అనేది.

డెలివరీ బళ్లూ క్యాబులూ సరే, సొంత కొడుకు కొత్త కారును కూడా, నిమ్మకాయలు తొక్కించిన మరుక్షణం వీధి చివరికి పంపింది.

కిందటి వానాకాలం గాలివానకు కొమ్మ విరిగి లైను మీద పడింది. పెద్దమ్మ మోకాళ్ల నొప్పులకు దవాఖానకు పోయింది, ఇంటికి తాళం. లైన్‌మన్ గేటు ముట్టుకోకుండానే స్విచ్ ఆపి, దానికి తన తాళం వేసుకుని స్తంభమెక్కాడు. ఆమె ఆటో దిగేసరికి పని ముగించి కిందికి దిగుతున్నాడు.

"నేను లేకున్నా పనైంది సూడు" అంది నాతో, పరీక్ష పాసైనంత సంబరంగా.

లోపలికి రమ్మంటే బురద కాళ్లని అతను మొహమాటపడ్డాడు. పొద్దున చేసిన సర్వపిండి రొట్టెను ఆమే బయటికి తెచ్చింది. ఇంతలో మళ్లీ చినుకులు. అతను గోడ పక్కన నిలబడి తింటున్నాడు. పెద్దమ్మ అతని నెత్తి మీద గొడుగు పట్టి, తాను తడుస్తూ, ఉప్పు సరిపోయిందా అని అడుగుతోంది.