సూదిగుర్తు చూసి కనిపెట్టిన నర్సమ్మ

మొన్న సాయంత్రం మా అమ్మాయి తెనాలి కాలేజీ నుంచి వచ్చి, చెప్పులైనా విడవకుండా గుమ్మంలోనే నిలబడి, "అమ్మా, నర్సమ్మగారు పోయారంట" అంది. నేను చేటలో బియ్యం ఏరుతున్నాను. ఆ చేట ఒళ్లో అలాగే పెట్టుకుని ఎంతసేపు కూర్చున్నానో నాకే తెలియదు. "ఎవరే పోయింది?" అని వరండాలోంచి మా అత్తయ్య రెండుసార్లు అడిగింది. అమ్మాయే వెళ్లి చెప్పింది.

నర్సమ్మగారు మాకు చుట్టం కాదు. మొదట రేపల్లెలో మిషన్ వాళ్ల ఆసుపత్రిలో, తర్వాత బాపట్లలో ఒక చిన్న నర్సింగ్‌హోమ్‌లో, చివరికి తెనాలి సర్కారు ఆసుపత్రిలో నర్సుగా పనిచేశారు. ఈ రోజు నా కూతురు రైలెక్కి కాలేజీకి వెళ్లి వస్తోందంటే అది ఆమె చలవే. ఆ సంగతి మీకు చెప్పాలనే ఈ నాలుగు ముక్కలూ రాస్తున్నాను.

అప్పుడు పిల్లకు మూడేళ్లు. మా ఊరు భట్టిప్రోలు. జ్వరం, దగ్గు పట్టుకుంటే మా అత్తయ్య తమ్ముడు పెన్సిలిన్ సూది వేశాడు. ఊళ్లో సూదిమందులు వేసేది ఆయనే. కాసేపటికే పిల్ల మొహం ఉబ్బిపోయింది. ఒళ్లంతా దద్దుర్లు, ఊపిరాడటం కష్టమైంది. ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని రేపల్లె తీసుకెళ్లాం. "ఏమైందమ్మా?" అని అక్కడి డాక్టరుగారు అడిగితే, మా అత్తయ్య తడుముకోకుండా "రొయ్యలకూర పడలేదండి" అంది. తమ్ముడి పరువంటే ఆవిడకు అంత ప్రాణం. అత్తయ్య మాటకు అడ్డు చెప్పే ధైర్యం అప్పట్లో నాకు లేదు. దద్దుర్లు అణిగాయి గానీ జ్వరం తగ్గలేదు. నెమ్ము చేరింది, తెనాలి తీసుకెళ్లమన్నారు.

తెనాలిలో డాక్టరుగారు చూసి మందు రాసి వెళ్లారు. నర్సమ్మగారు ట్రే పట్టుకుని వచ్చారు. సన్నగా, పొడుగ్గా ఉండేవారు. "ఇంతకుముందు ఎక్కడన్నా ఏమన్నా మందు వేయించారా పెద్దమ్మగారూ?" అని అడిగారు.

"లేదమ్మా. ధనియాల కషాయం తప్ప ఏమీ ఎరగదు పసిది" అంది అత్తయ్య.

నేను తల వంచుకున్నాను. ఇప్పటికీ తలుచుకుంటే నా చెంపలు నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నర్సమ్మగారు పిల్లను పక్కకు తిప్పి చూశారు. తుంటి మీద ఎర్రగా సూదిగుర్తు. మా అత్తయ్య చేతికి చెంబు ఇచ్చి, "కాస్త వేడినీళ్లు పట్టుకొస్తారా, పాప ఒళ్లు తుడుద్దాం" అని పంపించేశారు. ట్రే మీద గుడ్డ కప్పి, నా పక్కన మంచం అంచున కూర్చున్నారు.

"నేను తిట్టను. డాక్టరుగారు కూడా తిట్టకుండా చూసుకుంటాను. ఏం మందమ్మా అది?"

"పెన్సిలినండీ. అది వేశాకే మొహం ఉబ్బింది" అని ఏడ్చేశాను. "నేను చెప్పానని మా అత్తయ్యకి చెప్పకండి. మీకు దణ్ణం పెడతాను."

ట్రేలో ఉన్నదీ ఆ మందే. ఆమె గబగబా వెళ్లి డాక్టరుగారికి చెప్పి వేరే మందు రాయించుకొచ్చారు. ఇంకోసారి అది పడి ఉంటే పిల్ల దక్కేది కాదని డాక్టరుగారు తర్వాత అన్నారు.

అత్తయ్య నీళ్లతో తిరిగి రాగానే నర్సమ్మగారు మామూలుగా, "సూదిగుర్తు చూసి కనిపెట్టాన్లెండి, పెన్సిలిన్ వేయించారు కదా. ఈ పాపకి అది పడదు" అన్నారు. అత్తయ్య మొహంలో నెత్తురు చుక్క లేదు. నర్సమ్మగారు ఆ మాటే ఒక చీటీ మీద రాశారు. నేను చెయ్యి చాపాను. నాకివ్వలేదు. "ఇంట్లో పెద్దవారు మీరు. పాపని ఎక్కడికి తీసుకెళ్లినా ముందు ఇది చూపించండి" అని అత్తయ్య చేతిలో పెట్టారు. నాకు ఒళ్లు మండిపోయింది. దాచిపెట్టిన మనిషికా ఇచ్చేది!

ఆ తర్వాత తెనాలి ఎప్పుడు వెళ్లినా ఆమెను చూడకుండా రాలేదు. నేను తీసుకెళ్లిన జామకాయలు వార్డులో అందరికీ పంచేసి, చిన్నది ఏరి తను తినేవారు. ఏ రోగినైనా పక్కన కూర్చునే పలకరించేవారు. నిలబడి అడిగితే పోలీసు అడిగినట్టుంటుందట. "మిషనాసుపత్రికొచ్చి నాటువైద్యం దాస్తారు. ప్రైవేటుకెళ్లి సర్కారాసుపత్రిని దాస్తారు. ఇక్కడికొచ్చి అన్నీ దాస్తారు. ఆసుపత్రి మారితే ఒంట్లో మందు మారుతుందా అమ్మా?" అనేవారు నవ్వుతూ.

ఒక్కసారి మాత్రం నవ్వకుండా మాట్లాడారు. బాపట్లలో ఒక కూలీమనిషిని, భార్యకు అంతకుముందు ఏం మందు ఇప్పించాడో చెప్పమని గద్దించారట. అతను భయపడి ఏమీ లేదన్నాడు. ఆమె నమ్మారు. ఆ ఇల్లాలు దక్కలేదు. "అబద్ధం అతనిదే. చెప్పించింది నేను" అన్నారు. నేను ఆమె చెయ్యి పట్టుకున్నాను.

నిన్న తెనాలిలో ఆమె ఇంటి దగ్గర ప్రార్థన పెట్టారు. మోకాళ్ల నొప్పులతో గడప దాటలేని మా అత్తయ్య తనూ వస్తానని పట్టుబట్టింది. రైల్లో కూర్చున్నాక తమలపాకుల సంచి తీసి, అందులోంచి ఆ చీటీ బయటకు తీసింది. మడతల దగ్గర చిరిగితే ఎప్పుడో పిల్ల చేత వెనక కాగితం అంటింపించింది. అక్షరం ముక్క రాని మనిషి, ఇన్నేళ్లూ పిల్లకు పన్ను నొప్పి అన్నా సరే, డాక్టరు నోరు తెరవకముందే ఆ చీటీ ఆయన ముందు పెట్టేది.

"సూదిగుర్తు చూస్తే మందు పేరు తెలుస్తుందంటే నమ్మడానికి నేనేమన్నా పిచ్చిదాన్నా? చెప్పింది నువ్వేనని ఆ రోజే తెలుసు నాకు" అంది.

"మరి ఇన్నాళ్లూ అడగలేదేంటి అత్తయ్యా?"

"ఏమని అడగను? నువ్వు చెప్పబట్టి పిల్ల బతికింది. కోడలే బయటపెట్టిందన్న మాట లేకుండా నేను తలెత్తుకు తిరగాలని ఆ మహాతల్లి ఒక అబద్ధమాడింది. దాన్ని నిలబెట్టొద్దూ?"

చీటీ మడిచి మళ్లీ సంచిలో పెట్టుకుంది. తెనాలి వచ్చేదాకా ఆ సంచి మీద నుంచి చెయ్యి తీయలేదు.